కొండ మీద ఎక్కడ ఆగాలి?

(అరకు ఘాట్ రైడ్‌కు ముందు విజయవాడలో జరిగిన సైకిల్ రైడర్ల సమావేశంలో ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి మైకు వినిపిస్తోందా? సరే.

అరకు రైడ్‌కి పేర్లిచ్చినవాళ్లలో సగం మందికి పైగా ఇదే మొదటి ఘాట్ అట. అందుకని చలి గురించి, వాన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. మధ్యలో పాఠంలా అనిపిస్తే కొంచెం సర్దుకోండి.

మనం బెజవాడ వాళ్లం. ఎండలో ఎలా తొక్కాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మే నెలలో పొద్దున్నే బ్యారేజి దాటేసి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని, ఎండ ముదిరే లోపు ఇంటికొచ్చి పడతాం. చలి సంగతే మనకి కొత్త. డిసెంబరు తెల్లవారుజామున బ్యారేజి మీద మంకీ క్యాపులు, మఫ్లర్లు కనిపిస్తాయి కదా, అప్పుడు థర్మామీటరు చూస్తే పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటుంది. (నవ్వులు) నవ్వకండి, నాకూ ఉంది మంకీ క్యాపు.

మనకి ఇంకో అలవాటు కూడా ఉంది. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగుతాం. ఒకరికి పంక్చరైతే పదిమంది ఆగుతారు. టీ కొట్టు కనిపిస్తే ఆగుతాం, ఫొటోకి ఆగుతాం, వెనకబడ్డవాళ్ల కోసం ఆగుతాం. పొడి రోడ్డు మీద, చదును రోడ్డు మీద ఇది మంచి అలవాటే. గుంపుగా తొక్కడంలో సగం సరదా అదే. తడిసిన కొండ మీద మాత్రం ఇదే అలవాటు మనుషుల్ని ఆసుపత్రి పాలు చేస్తుంది. ఇవాళ నేను మాట్లాడేది చాలావరకు దీని గురించే. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు. గేర్ల గురించి, టైర్ల గురించి చెప్పడానికి నాకన్నా బాగా తెలిసిన కుర్రాళ్లు మీలోనే ఉన్నారు.

ముందు లెక్క చూద్దాం. మీరు ఘాట్ ఎక్కుతున్నారు. పెడల్ మీద 150 వాట్లు పెడుతున్నారనుకోండి. మామూలు రైడర్‌కి అది గట్టి ప్రయత్నమే. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పెడల్‌కి చేరేది మహా అయితే నాలుగో వంతు. మిగతాదంతా వేడి. అంటే ఆ 150 వాట్ల పని జరగాలంటే ఒంట్లో 450 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ఊరికే కూర్చున్న మనిషిలో పుట్టే వేడి 100 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. అందుకే వాన పడుతున్నా సరే, ఎక్కేటప్పుడు చెమటలు కారతాయి, జాకెట్ విప్పి పారేయాలనిపిస్తుంది. వేగం గంటకి ఏడెనిమిది కిలోమీటర్లే కాబట్టి గాలి కూడా పెద్దగా తగలదు.

పైకి చేరారు. దిగడం మొదలైంది. ఇక తొక్కే పనే లేదు. 450 వాట్లు కాస్తా 100 అయ్యాయి. వేగం ఏడు నుంచి నలభైకి పెరిగింది. ఒంటి మీద బట్టలు కొంత చెమటతో, కొంత వానతో తడిసి ఉన్నాయి. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీ అందరికీ తెలుసు. కుండ చెమరుస్తుంది, ఆ తడి ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. గాలి తగిలే కిటికీ దగ్గర పెడితే ఇంకా త్వరగా చల్లబడుతుంది. దిగుడు రోడ్డు మీద మీరే ఆ కుండ. లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కిలోకేలరీల వేడి కావాలి, అంటే సుమారుగా ఒక పూట భోజనం. అదంతా మీ ఒంట్లోంచే పోవాలి. దీనికి తోడు, ఒంటికి అంటుకున్న తడిబట్ట ఊరికే ఉన్నా వేడిని లాగేస్తుంది. వేడిని పోనివ్వడంలో నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు ముందుంటుంది.

కాబట్టి చలి ప్రమాదం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఎక్కడంలో మీకు ఒళ్లు చెబుతున్నది అబద్ధం కాదు గానీ, అది ఆ క్షణానికి మాత్రమే నిజం. అరగంట తర్వాత సంగతి ఒంటికి తెలియదు. మీకే తెలియాలి.

మరి అరకులో ఏమన్నా మంచు కురుస్తుందా, అంత చలి ఎక్కడిదీ అంటారు. మంచు కురవక్కర్లేదు. ఎత్తు ప్రతి 1000 మీటర్లకీ గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఆ దారిలో ఉన్న శిమిలిగూడ రైల్వే స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. మన రోడ్డు కూడా కనీసం ఆ ఎత్తుకి ఎక్కుతుంది. విశాఖ బీచ్ దగ్గర 22 ఉంటే పైన పదిహేనో పదహారో. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి ముసురు మొదలైందంటే ఇంకా తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ముసురు ఎప్పుడు పడుతుందో మన చేతుల్లో లేదు. లంబసింగిలో సున్నాకి దగ్గరగా పడిపోయే చలి గురించి పేపర్లలో చదివి, అదే చలి అనుకుంటాం. నా మట్టుకు నేను లంబసింగి పొడి చలికి భయపడను, స్వెటర్ వేసుకుంటే అయిపోతుంది. పన్నెండు డిగ్రీల వానకి భయపడతాను. తడి, గాలి, అలసట మూడూ కలిస్తే పది పన్నెండు డిగ్రీల్లో కూడా హైపోథెర్మియా వస్తుంది. లోపలి ఉష్ణోగ్రత 37 నుంచి 35 కన్నా కిందికి పడిపోతే దాన్ని హైపోథెర్మియా అంటారు. తేడా రెండంటే రెండు డిగ్రీలు.

ఇక్కడ మీకు ఒక పాత రేసు సంగతి చెప్పాలి. 1988 జూన్ 5. ఇటలీలో రోజుకో స్టేజి చొప్పున మూడు వారాలు జరిగే జీరో డి ఇటాలియా రేసులో ఆ రోజు గావియా అనే కనుమ దాటాలి. 2600 మీటర్లకు పైన ఉంటుంది. జూన్ నెల అయినా పైన మంచు తుఫాను. రేసు ఆపలేదు. ఆండీ హాంప్‌స్టెన్ అనే అమెరికన్ రైడర్ జట్టువాళ్లు ఆ పొద్దున వాతావరణం సంగతి తెలిసి, ఊళ్లో దుకాణాలకి పోయి మంచులో వేసుకునే గ్లవ్స్, టోపీలు, ఉన్ని బట్టలు కొనుక్కొచ్చారు. శిఖరం దగ్గర పొడిబట్టలు, వేడి టీతో మనుషుల్ని నిలబెట్టారు. గావియా శిఖరాన్ని ముందుగా దాటినవాడు హాంప్‌స్టెన్ కాదు. యోహాన్ వాన్‌డెర్ వెల్డే అనే డచ్ రైడర్. పొట్టి చేతుల జెర్సీ, గ్లవ్స్ లేవు, టోపీ లేదు. ఎక్కుతున్నంతసేపూ అతనికి అవి అవసరమనిపించి ఉండవు, మనం ఇందాక వేసుకున్న లెక్క ప్రకారం. దిగడం మొదలుపెట్టాక ఒళ్లు బిగుసుకుపోయి, ఆగి ఎక్కడో తలదాచుకోవాల్సి వచ్చింది. కొండ మీదికి అందరికన్నా ముందు చేరిన మనిషి గమ్యానికి ముప్పావుగంటకు పైగా ఆలస్యంగా చేరాడు. హాంప్‌స్టెన్‌కి ఆ రోజు స్టేజి దక్కలేదు, ఎరిక్ బ్రూకింక్ ఏడు సెకన్ల తేడాతో గెలిచాడు. కానీ మొత్తం రేసులో ఆధిక్యం ఆ రోజే హాంప్‌స్టెన్ చేతికి వచ్చింది. చివరికి జీరో గెలిచిన మొదటి అమెరికన్ అయ్యాడు. గెలిపించింది కాళ్ల బలం ఒక్కటే కాదు, పొద్దున బజారుకి వెళ్లినవాళ్లు కూడా.

మంచిగా ముగియని సంగతి కూడా ఒకటి చెబుతాను. అది సైకిల్ కాదు, పరుగు. 2021 మే 22న చైనాలో గాన్సు రాష్ట్రంలో కొండల మీద 100 కిలోమీటర్ల పరుగుపందెం పెట్టారు. ఒక్కసారిగా వడగళ్లు, గడ్డకట్టే వాన, ఈదురుగాలి. పరిగెత్తేవాళ్ల ఒంటి మీద పల్చటి టీ షర్టులు, నిక్కర్లు. వెచ్చని జాకెట్ తప్పనిసరి అని నిబంధన పెట్టలేదు. 21 మంది చనిపోయారు. వాళ్లలో ఆ దేశంలో పేరున్న రన్నర్లు ఉన్నారు. ఓ గొర్రెల కాపరి వాన పడుతోందని కొండగుహలో తలదాచుకుని, నిప్పు వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఆరుగురిని గుహలోకి తెచ్చి బతికించాడు. పోయినవాళ్లకి లేనిదీ, ఆ ఆరుగురికి దొరికిందీ ఒకటే: ఆగడానికి ఒక చోటు.

అందుకే నేను మళ్లీ మొదటికి వస్తున్నాను.

గుంపుగా ఘాట్ ఎక్కితే ఏమవుతుంది? గట్టివాళ్లు అరగంట ముందు పైకి చేరతారు. వ్యూపాయింట్ దగ్గర ఆగుతారు. అక్కడే గాలి ఎక్కువ, పేరే గాలికొండ! ఫొటోలు తీసుకుంటారు, జెర్సీ తడిసి ఉంటుంది, వెనకవాళ్లు వచ్చేదాకా అలాగే నిలబడి చూస్తారు. వెనకవాళ్లు వచ్చేసరికి ముందొచ్చినవాళ్లు వణుకుతుంటారు, "పదండి పదండి, చచ్చిపోతున్నాం" అంటారు. పాపం వెనకవాళ్లు, అందరికన్నా బాగా అలిసిపోయినవాళ్లు, ఒక్క గుక్క నీళ్లు కూడా తాగకుండా, జాకెట్ వేసుకోకుండా అప్పుడే దిగడం మొదలుపెడతారు. చూశారా, ఒకరి కోసం ఒకరు ఆగుదామన్న మంచి ఉద్దేశంతోనే రెండు గుంపులనీ దెబ్బ తీశాం. ఇది నేను చాలా రైడ్లలో చూశాను.

కాబట్టి మన రైడ్‌కి నేను నిర్వాహకులని అడిగి పెట్టించిన పద్ధతి ఇది. పైన ఎవరూ ఎవరికోసమూ ఆగరు. వ్యాన్ పైన ఉంటుంది, కానీ శిఖరం మీద కాదు. దానికి కాస్త ఇవతల, గాలి మరుగున. ఎవరు ముందు వస్తే వాళ్లు అక్కడ తడి బనియన్ విప్పేసి పొడిది వేసుకుని, జాకెట్ జిప్ మెడదాకా లాక్కుని, గ్లవ్స్ మార్చుకుని, వెంటనే బయల్దేరతారు. మళ్లీ కలుసుకునేది దిగాక, పైకప్పు ఉన్న చోట. ఆ కప్పు ఏదో ముందే ఎంచి మీ ఫోన్లలో పంపిస్తారు, కాఫీ అమ్మే కొట్టో, బొంగులో చికెన్ కాల్చే పాకో. పాక అయితే ఇంకా మంచిది, నిప్పు కూడా ఉంటుంది. (నవ్వులు) ఒంటరిగా ఎవరూ దిగరు, ఇద్దరిద్దరుగా దిగాలి. అందరికన్నా వెనక స్వీప్ రైడర్ ఉంటాడు, అతన్ని దాటి వెనక ఎవరూ ఉండకూడదు. మధ్యలో పంక్చరైతే? ఆ జంట ఒక్కటే ఆగుతుంది, స్వీప్ వచ్చి కలుస్తాడు, మిగతావాళ్లు సాగిపోతారు. మన అలవాటుకి ఇది మొరటుగా అనిపిస్తుంది, తెలుసు. ఆగి చూస్తూ నిలబడ్డ పదిమందీ ట్యూబ్ మార్చడంలో చేసే సాయం ఏమీ ఉండదు.

బట్టల గురించి. కాటన్ వద్దు. మన ఎండకి కాటన్‌ని మించింది లేదు, కొండ మీద తడికి దాన్ని మించిన శత్రువు లేదు. నీళ్లు పీల్చుకుని ఒంటికి అతుక్కుపోయి ఆరదు. లోపల సింథటిక్ బనియన్, లేదా పల్చటి ఉన్ని. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. చలికాలం రోడ్డు పక్కన నేపాలీలు, టిబెటన్లు స్వెటర్లు అమ్ముతారు కదా, అక్కడ కొనేటప్పుడు చెయ్యి వేసి చూడండి, చాలావరకు యాక్రిలిక్. అదీ పనికొస్తుంది, కాటన్ కన్నా నయం. పైన రెయిన్ జాకెట్. బండి మీద వేసుకునే పాంచో లాంటిది తేకండి, దిగేటప్పుడు గాలికి ఉబ్బి సైకిల్‌ని పక్కకి లాగుతుంది.

జాకెట్ ఎప్పుడు వేసుకోవాలన్నది జాకెట్ ఖరీదుకన్నా ముఖ్యం. ఎక్కేటప్పుడు జిప్ తెరిచి ఉంచండి, కొంచెం చలిగా ఉందనిపించేలాగే ఎక్కండి. చెమట ఎంత తక్కువ పడితే దిగేటప్పుడు అంత సుఖం. పొడి బనియన్ ఒకటి, పొడి సాక్సు ఒక జత ప్లాస్టిక్ కవర్లో బిగించి పెట్టుకోండి. యూరప్‌లో పాత రేసర్లు కొండ దిగే ముందు పైన నిలబడ్డ జనం దగ్గర పేపర్లు అడిగి తీసుకుని జెర్సీ లోపల, రొమ్ము మీద దోపుకునేవాళ్లు. గాలిని భలే ఆపుతుంది. మన తెలుగు పేపర్లు కూడా అంతే బాగా ఆపుతాయి, జిల్లా అనుబంధంతో సహా. బూటులో సాక్సు మీద బ్రెడ్డు కవర్ తొడగండి. చేతులకి గ్లవ్స్ లోపల డాక్టర్లు వేసుకునే పల్చటి రబ్బరు గ్లవ్స్. ఇవన్నీ కలిపినా వంద రూపాయలు దాటవు.

చేతుల గురించి ఇంకాస్త చెప్పాలి. ఒళ్లు చల్లబడుతోందని తెలియగానే శరీరం ముందు చేసే పని, చేతులకీ కాళ్లకీ నెత్తురు తగ్గించి గుండె, మెదడు కాపాడుకోవడం. శరీరం లెక్క ప్రకారం వేళ్లు పోయినా ఫర్వాలేదు. సైకిల్ మీద ఉన్న మనిషికి ఫర్వాలేదా? బ్రేకులు వేళ్లలోనే ఉన్నాయి. ఘాట్‌లో జరిగే చాలా పడిపోవడాలు రోడ్డు జారి జరిగాయనుకుంటాం. నా అనుమానం, వాటిలో కొన్ని వేళ్లు మొద్దుబారి జరిగినవి. మలుపు ముందు లివర్ నొక్కాననుకుంటాడు, నొక్కి ఉండడు. 1980లో బెల్జియంలో లియేజ్–బస్తోన్–లియేజ్ రేసు మంచులో జరిగింది. 174 మంది బయల్దేరితే 21 మంది పూర్తి చేశారు. గెలిచిన బెర్నార్ ఇనో తొమ్మిది నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు గానీ, వేళ్ల స్పర్శ దెబ్బతింది. అంతటి ఛాంపియన్‌కే అలా అయింది.

ఇప్పుడు అందరూ ఒకసారి చెయ్యి ఎత్తండి. బొటనవేలితో అదే చేతి చిటికెనవేలిని ముట్టుకోండి. ముట్టుకున్నారా? కొండ మీద ఇదే పరీక్ష. ఎవరికైనా ఇది కుదరలేదంటే అతను సైకిల్ మీద ఇక దిగకూడదు. వాదన వద్దు, వ్యాన్ ఎక్కాలి.

ఎందుకీ పరీక్ష అంటే, చలి పట్టిన మనిషిని "ఎలా ఉన్నావు" అని అడిగితే బాగానే ఉన్నానంటాడు. మగవాళ్లయితే మరీను. తన వల్ల అందరూ ఆగిపోతారని మొహమాటం కొంత. రెండోది, చలికి మెదడు కూడా మందగించి, తనకి ఏమవుతోందో తనకే తెలియదు. అందుకని ప్రశ్న వేయకండి, పని చెప్పండి. జిప్ పెట్టుకోమనండి. చిటికెనవేలు ముట్టుకోమనండి. పొద్దున టిఫిన్ ఎక్కడ చేశామో చెప్పమనండి. మాట ముద్దగా వస్తున్నా, అందాకా జోకులేసినవాడు మూగబోయినా, ఊరికే చిరాకు పడుతున్నా, సైకిల్ దిగి తూలుతున్నా అనుమానించాలి. వణుకు మంచి లక్షణం, ఒళ్లు ఇంకా పోరాడుతోందని అర్థం. అందాకా బాగా వణికినవాడికి వెచ్చగా ఏమీ చేయకుండానే వణుకు ఆగిపోయిందంటే, "హమ్మయ్య తగ్గింది" అనుకోకండి. అదే అసలు ప్రమాదం.

అప్పుడు ఏం చేయాలి? కప్పు కిందికి తీసుకెళ్లాలి. తడిబట్టలు తీసేసి పొడివి వేయాలి, తల కప్పాలి, కింద ఏదైనా పరచాలి, తడి నేల మీద కూర్చోబెట్టకూడదు. స్పృహ ఉండి, మింగగలిగితే చక్కెర ఎక్కువ వేసిన టీ. చేతులు, కాళ్లు రుద్దకండి. మన ఇళ్లల్లో మొదట చేసేది అదే, అరిచేతులు రుద్దడం. వద్దు. తిమ్మిరెక్కిన వేళ్లని నిప్పు మీద పెట్టనివ్వకండి, కాలినా తెలియదు. మనిషి మత్తుగా ఉంటే పడుకోబెట్టి, కదిలించాల్సి వస్తే కుదపకుండా నెమ్మదిగా కదిలించి, 108కి చెప్పి ఆసుపత్రికి చేర్చడమే. ఏజెన్సీలో అన్నిచోట్లా సిగ్నల్ ఉండదు, అందుకే వ్యాన్.

తిండి. వణకడానికి కూడా శక్తి కావాలి, కడుపు ఖాళీగా ఉన్నవాడికి చలి ముందు పడుతుంది. ఎక్కేటప్పుడే తినండి, దిగేటప్పుడు వేళ్లు కవర్లు చింపలేవు, కాబట్టి ముందే చింపి జేబులో పెట్టుకోండి. పల్లీ పట్టీ, నువ్వుండలు, అరిసెలు, అరటిపండు. ఖరీదైన ఎనర్జీ బార్లకన్నా మన అరిసె ఏం తక్కువ? బియ్యం, బెల్లం, నెయ్యి. కిందటిసారి ఒకావిడ ప్రేమగా పూతరేకులు తెచ్చారు, వానలో తెరిచేసరికి అవి జిగురైపోయాయి. (నవ్వులు) చలిలో దాహం వేయదు, అయినా నీళ్లు తాగుతుండండి.

రోడ్డు గురించి తొందరగా చెప్పేస్తాను. తడిలో తెల్ల గీతల మీద, రాలిన ఆకుల మీద, ఇనుప పలకల మీద బ్రేకు వేయకండి. మలుపులో కాదు, మలుపుకి ముందే వేగం తగ్గించండి. రిమ్ బ్రేకులు ఉన్నవాళ్లకి మొదటి చుట్టు నీళ్లు తుడవడానికే పోతుంది, కాబట్టి అప్పుడప్పుడు తేలిగ్గా తాకిస్తూ ఉండండి. టైర్లలో గాలి కొంచెం తక్కువ పెట్టండి. ఒకరి వెనక ఒకరు అంటుకుని పోకండి. మలుపులో బస్సు మొత్తం రోడ్డు తీసుకుంటుంది, అది వాళ్ల తప్పు కాదు, అంత మలుపు అది. పొగమంచులో పగలైనా వెనక ఎర్రలైటు వెలగాల్సిందే. చలికి వణికి హ్యాండిల్ ఊగుతుంటే ఒక మోకాలిని సైకిల్ పైకడ్డీకి ఆనించండి, ఊగడం తగ్గుతుంది.

మీలో కొందరు వచ్చే వేసవిలో మనాలి నుంచి లేహ్ వెళ్లాలనుకుంటున్నారని విన్నాను. ఇప్పటిదాకా చెప్పిందంతా అక్కడా వర్తిస్తుంది, కానీ ఆగే చోటు సంగతి మారిపోతుంది. తంగ్లాంగ్ లా కనుమ 5328 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగం. జులైలో కూడా మంచు పడొచ్చు. కప్పు దొరికింది కదా అని ఎక్కడంటే అక్కడ పడుకోవడానికి లేదు. సర్చూ దగ్గర టెంట్లు ఉంటాయి, వెచ్చగా ఉంటుంది, కానీ అది 4200 మీటర్లకు పైన. కేలాంగ్‌లోనో జిస్పాలోనో ఒళ్లు అలవాటు చేసుకోకుండా నేరుగా పోయి అక్కడ పడుకుంటే రాత్రంతా తలనొప్పి, వాంతులు. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది డాక్టర్లు చెప్పే మాట. ఇంకో చిక్కు ఉంది. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడక వచ్చే ఈ కొండజబ్బుకీ, చలి దెబ్బకీ రెండింటికీ మనిషి తూలతాడు, మాట తడబడుతుంది. కొండజబ్బుకి మందు కిందికి దిగడం. సైకిల్ మీద దిగితే చలి చంపుతుంది. కాబట్టి దిగాలి, కానీ బండిలో దిగాలి. ఇంకా, రోడ్డుకి అడ్డంగా పారే మంచునీటి వాగులు ఎండెక్కేకొద్దీ ఉప్పొంగుతాయి. పొద్దున్నే దాటేయండి, మధ్యాహ్నమయ్యేసరికి మోకాళ్లదాకా నీళ్లు, ఆ తర్వాత రోజంతా తడి బూట్లు.

ఏంటి తమ్ముడూ? చెయ్యెత్తావు, గట్టిగా అడుగు.

(ఒక రైడర్: "మేడమ్, చలికి కొంచెం బ్రాందీ...")

అనుకున్నాను, ఎవరో ఒకరు అడుగుతారని. (నవ్వులు) బ్రాందీ తాగితే వెచ్చగా అనిపించే మాట నిజమే. చర్మం కింద నెత్తురు గొట్టాలు విప్పారి, లోపలి వేడి పైకి వస్తుంది, అందుకే వెచ్చదనం. పైకి వచ్చిన వేడి గాలికి పోతుంది. శరీరం కష్టపడి లోపల దాచుకున్నదాన్ని మీరు బయట పారబోస్తున్నారన్నమాట. పైగా వణుకు తగ్గుతుంది, బుద్ధి మందగిస్తుంది. కొండ దిగి, స్నానం చేసి, పొడిబట్టలు కట్టుకున్నాక మీ ఇష్టం, అది నా సబ్జెక్టు కాదు.

(మరో రైడర్: "వాన గట్టిగా ఉంటే రైడ్ మానేస్తామా ఆంటీ?")

తుఫాను హెచ్చరిక ఉంటే మానేస్తాం, చర్చ లేదు. ముసురైతే వెళ్తాం. వాన కడిగిన ఘాట్‌లో కాఫీతోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు, లోయలోంచి లేచే మబ్బు, ఇవన్నీ ఎండపూట కనిపించవమ్మా. నేను ఇంత భయపెట్టింది మిమ్మల్ని మాన్పించడానికి కాదు. వెనక్కి తిరుగుదామని ముప్పైమందిలో ఏ ఒక్కరు అన్నా ఆ జంట తిరిగిపోవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. ఈ ఒక్క మాటకి మీరందరూ ఇప్పుడే ఒప్పుకోవాలి. పైన వానలో నిలబడి ఒప్పుకోవడం కష్టం.

సరే, ఆదివారం సంగతి చెప్పి దిగిపోతాను. పొద్దున ఐదున్నరకి బయల్దేరి కొండపల్లి ఖిల్లా ఎక్కుతున్నాం. అక్కడ చలి లేదు, నాకూ తెలుసు. కావాల్సింది చలి కాదు, చేతుల అలవాటు. పైన ఎవరూ ఆగకుండా, తడి గ్లవ్స్‌తో జాకెట్ జిప్ పెట్టుకుని, జంటగా దిగి, ఎంచుకున్న కొట్టు దగ్గర కలవాలి. జాకెట్, గ్లవ్స్, పొడి బనియన్, అరిసెలు తెచ్చుకోండి. వాన రాకపోతే బాధ లేదు, వ్యాన్‌లో రెండు క్యాన్ల నీళ్లు వస్తున్నాయి, మీ నెత్తిన పోయడానికి.